నోటి క్యాన్సర్‌కి తోడు షుగరు, ఆయాసం, కిడ్నీ కూడా ఉంటే: విశాఖలో ఒక ఆసుపత్రి సేవ మీద నా రివ్యూ

ఆసుపత్రి పేరు రాయట్లేదు. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి, తిట్టేవాటి కోసం పేరు పెట్టి నోటీసులు తెచ్చుకునే ఓపిక నాకు లేదు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి, అందులో హెడ్ అండ్ నెక్ విభాగం, అంటే నోరు, నాలుక, అంగిలి, దవడ, గొంతు క్యాన్సర్లు చూసే చోటు. పేషెంటు మా మేనత్త. 64 ఏళ్లు, బరువు 42 కిలోలు, ఊరు సోంపేట దాటాక సముద్రం వైపు. అంగిలి మీద క్యాన్సర్, దాంతో పాటు ఎప్పటినుంచో షుగరు, బీపీ, చలికాలం వస్తే చాలు పట్టుకునే ఆయాసం. స్టార్లు ముందే ఇచ్చేస్తున్నా: ఆపరేషన్‌కి ముందు మనిషిని మొత్తం పరీక్ష చేసే క్లినిక్‌కి అయిదుకి అయిదు, సర్జన్లకి నాలుగున్నర, కీమో ఇచ్చే డేకేర్‌కి రెండు, డిశ్చార్జ్ కౌంటర్‌కి ఒకటి, అది కూడా అక్కడి కుర్రాడు మర్యాదగా మాట్లాడాడని.

ఇక్కడికి వెళ్లే ముందు నెట్‌లో రివ్యూలన్నీ చదివాను. కొత్త రేడియేషన్ మెషిన్ ఉంది, రిసెప్షన్ వాళ్లు నవ్వుతూ మాట్లాడారు, పార్కింగ్ లేదు, క్యాంటీన్ సాంబారు బాగోలేదు. ఇంతే. షుగరున్న మనిషికి, గుండెకి స్టెంటు వేసిన మనిషికి, కిడ్నీ సగమే పనిచేసే మనిషికి ఇక్కడ క్యాన్సర్ వైద్యం ఎలా చేస్తారు అని ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. మన దగ్గర నోటి క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో ఒట్టి క్యాన్సర్‌తోనే వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి. చుట్ట, బీడీ, ఖైనీ, మందు, నోట్లో పుండు తెచ్చేవీ ఇవే, ఊపిరితిత్తుల్ని, గుండెని, లివర్‌ని తినేసేవీ ఇవే. క్యాన్సర్ బయటపడేసరికి మిగతావి అప్పటికే ఇంట్లో కాపురం పెట్టేసి ఉంటాయి. అందుకే ఈ రివ్యూ అంతా ఆ ఒక్క విషయం మీదే ఉంటుంది, ఏసీ బాగా పనిచేసిందా లేదా అన్నది నన్ను అడక్కండి.

మా అత్తది అడ్డపొగ. తెలియనివాళ్ల కోసం: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లలో పాత అలవాటు, ఇప్పుడు వయసు పైబడినవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి, మిగతా చోట్ల అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపిస్తుంది. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు దీని మీద దశాబ్దాల కిందటే పరిశోధనలు చేశారు. సరే, అంగిలి సంగతి అందరికీ తెలుసు. ఆ పొగ అక్కడితో ఆగదు, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. మా అత్త ఆయాసాన్ని ఇంట్లో అందరం "వయసు" అనే అనుకుంటూ వచ్చాం.

మొదట వేరే ఆసుపత్రికి వెళ్లాం, ఇంటికి దగ్గరని. అక్కడి సర్జన్ ముక్క పరీక్ష రిపోర్టు, సీటీ చూసి వచ్చే వారమే ఆపరేషన్ అన్నారు. చకచకా చేస్తామంటే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది. కానీ పక్కనే కూర్చున్న అత్త మెట్లెక్కి వచ్చి అప్పటికింకా రొప్పుతూనే ఉంది, ఆయన ఆ రొప్పు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. షుగరుందా అంటే ఉందన్నాం, టాబ్లెట్ వేసుకుంటోందా అంటే వేసుకుంటోందన్నాం, అయిపోయింది. చెన్నైలో ఉండే బావ (అత్త కొడుకు) ఫోన్‌లో ఇదంతా విని రెండో అభిప్రాయం తీసుకుందాం అన్నాడు, అలా ఈ ఆసుపత్రికి వచ్చాం.

ఇక్కడ ఓపీలో సర్జన్ నోరు చూసి, మెడలో గడ్డలు తడిమి చూసి, వెంటనే డేట్ ఇవ్వలేదు. "అమ్మకి ఆపరేషన్ చేయొచ్చు. కానీ ఆపరేషన్ తట్టుకుంటుందా, తర్వాత కరెంటు (రేడియేషన్) తట్టుకుంటుందా అన్నది ముందు తేలాలి" అని కింద ఫ్లోర్‌లో ఇంకో క్లినిక్‌కి పంపారు. బోర్డు మీద ఏదో పెద్ద ఇంగ్లీషు పేరుంది, అక్కడివాళ్లు మాత్రం ఫిట్‌నెస్ క్లినిక్ అంటారు. మామూలుగా ఫిట్‌నెస్ అంటే మత్తు డాక్టరు ఒక ఈసీజీ చూసి సంతకం పెట్టడం కదా, ఇది అది కాదు. ఒక ఫిజీషియన్, మత్తు డాక్టరు, డైటీషియన్, ఫిజియోథెరపీ అమ్మాయి, నలుగురూ ఒకే రోజు, ఒకే వరస గదుల్లో చూస్తారు. పొద్దున వెళ్తే సాయంత్రానికి అన్నీ అవుతాయి, మధ్యలో కూర్చోబెట్టే సమయం ఎక్కువే, ముసలివాళ్లని తీసుకెళ్లేవాళ్లు టిఫిన్ బాక్సు పట్టుకెళ్లండి.

ఫిజీషియన్ మేడమ్ దగ్గర ఒక ఫారం ఉంది. ఏస్-27 అంటారట దాన్ని. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, లివర్, షుగరు, పక్షవాతం, తాగుడు, ఇలా 27 రకాల విషయాలు, ఒక్కోదానికి ఎంత ముదిరింది అన్నదాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు మార్కులు. స్కూల్లోలాగా కాదు, ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే చెడ్డది. చివరికి మొత్తం కూడరు, అన్నిట్లోకీ ఏది ఎక్కువో అదే మనిషి గ్రేడ్. ఒక మినహాయింపు: వేర్వేరు అవయవాల్లో రెండు చోట్ల రెండేసి వస్తే దాన్ని మూడు కింద రాస్తారు. మా అత్తకి బీపీ ఒకటి. ఊపిరి పరీక్ష చేస్తే (గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష, నోట్లో పుండుతో ఊదలేక నానా అవస్థ పడింది) ఆయాసం రెండు. షుగరుకి టాబ్లెట్లు వేసుకుంటున్నా అదుపులో లేదు, మూడు నెలల షుగరు 10.4 వచ్చింది, అదో రెండు. అంటే గ్రేడ్ మూడు. ఇంట్లో మేమంతా "షుగరు కాస్త ఉంది, ఆయాసం కాస్త ఉంది" అనుకునే మనిషికి అక్కడ కాగితం మీద అన్నిట్లోకీ పై గ్రేడ్ పడింది.

దీన్ని ఎందుకు ఇంత పట్టించుకుంటారో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. క్యాన్సర్ స్టేజీ అంటే గడ్డ ఎంత, మెడలోకి పాకిందా, ఒంట్లో వేరే చోటికి వెళ్లిందా, ఈ మూడే. రోగికి గుండె ఎలా ఉంది, కిడ్నీ ఎలా ఉంది అన్నది స్టేజీలో ఎక్కడా రాదు. ఒకే స్టేజీలో ఉన్న ఇద్దరిలో ఒకరు పదేళ్లు బతకడం, ఇంకొకరు ఏడాదికే పోవడం జరిగితే మనం తలరాత అంటాం. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో పిచిరిల్లో అనే ఈఎన్‌టీ డాక్టరు, ఆయన బృందం ఇదే ఫారంతో 17,712 మంది క్యాన్సర్ రోగుల్ని గమనించి 2004లో ప్రచురించారు. ఏ జబ్బూ లేనివాళ్లతో పోలిస్తే కొద్దిపాటి జబ్బులున్నవాళ్లకి చావు ముప్పు 1.21 రెట్లు, మధ్యస్థంగా ఉన్నవాళ్లకి 1.86 రెట్లు, బాగా ముదిరినవాళ్లకి 2.56 రెట్లు. అదీ స్టేజీతో సంబంధం లేకుండా. అందులో రొమ్ము, ప్రోస్టేట్, జీర్ణవ్యవస్థ, తల మెడ క్యాన్సర్లు అన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి మా అత్తకి అచ్చంగా ఇదే అంకె అని కాదు. కానీ నేను రాత్రి రెండింటికి ఆ అంకెలు చదివి చాలాసేపు పడుకోలేదు, అది మాత్రం నిజం. మర్నాడు మేడమ్‌ని అడిగితే ఆవిడ అన్నమాట బాగుంది: "అది వెయ్యిమంది లెక్క, అమ్మ ఒక్కరే. ఈ రెండు రెండ్లలో ఒకటైనా దించుదాం రండి."

దించడం అంటే ఏం చేశారో చెప్తా, ఎందుకంటే ఈ సేవలో నాకు బాగా నచ్చింది ఇదే. రెండు వారాలు టైం పెట్టారు, అంతకు మించి ఆగితే గడ్డ పెరుగుతుందని. మూడు నెలల షుగరు రెండు వారాల్లో దిగదు, అది వాళ్లకీ తెలుసు, రోజువారీ షుగరు 180 లోపు ఉంచడమే టార్గెట్. టాబ్లెట్లు ఆపి ఇన్సులిన్ పెట్టారు. ఇన్సులిన్ పేరు చెప్పగానే అత్త "అది పెట్టినోలు ఎవులు బతికినారు" అని మొండికేసింది, మన ఊళ్లలో ఈ భయం ఇంకా పోలేదు. ఆయాసానికి రోజూ పీల్చే మందు, పీల్చడం ఎలాగో సిస్టర్ నాలుగైదు సార్లు చేయించి చూపించింది. చుట్ట పూర్తిగా బంద్. ఇక ఫిజియోథెరపీ అమ్మాయి మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చింది, గొట్టంతో గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. చాలామంది దాన్ని ఊదుతారు, ఊదకూడదు, పీల్చాలి. మొదటిరోజు ఒక్క బంతి కూడా సరిగ్గా లేవలేదు. ఆపరేషన్ ముందురోజుకి రెండు లేచి, మూడోది కదిలేది. మెడికల్ షాపులో కొన్ని వందలకి దొరికే ఆ డబ్బాని ఎవరూ లెక్కచేయరు గానీ, పొగ తాగి పాడైన ఊపిరితిత్తులున్న మనిషి ఇలాంటి పెద్ద ఆపరేషన్ తర్వాత న్యుమోనియాతో పోకుండా ఉండాలంటే ఈ కసరత్తు కూడా ఒక ఆధారం. "సుట్ట మానీమంటే మానీసినాను గదేటి, ఇంకా నా ఊపిరి మీద పడతారేటి" అని ఆ అమ్మాయితో రోజూ గొడవే, ఆ అమ్మాయి కూడా ఎచ్చెర్ల వైపు పిల్ల కావడంతో అదే యాసలో తిరిగి దబాయించేది.

కిడ్నీ సంగతి విడిగా చెప్పాలి. అత్త ఊరు సోంపేట అనగానే మేడమ్ పెన్ను పక్కన పెట్టి "ఉద్దానమా?" అన్నారు. తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఈ కొబ్బరితోటల నేలంతా కిడ్నీ జబ్బులకి పేరుమోసింది, కారణం ఇప్పటికీ తేలలేదు. మా అత్త క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులో 1.1 ఉంది. ల్యాబు ఇచ్చిన పరిధిలోనే ఉంది కాబట్టి ఎరుపు గుర్తు కూడా లేదు, మొదటి ఆసుపత్రిలో "కిడ్నీ నార్మల్" అని రాసేశారు. మేడమ్ అత్త వయసు, బరువు వేసి, కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో ఫోన్‌లోనే లెక్క కట్టారు, నిమిషానికి 34 మిల్లీలీటర్లు వచ్చింది. ఒంట్లో కండ లేని బక్కపలచని మనిషికి క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది కాబట్టి 1.1 కూడా మంచి అంకె కాదట. నోరు, గొంతు క్యాన్సర్లకి రేడియేషన్‌తో కలిపి ఇచ్చే ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్ కిడ్నీని దెబ్బతీస్తుంది, చెవినీ దెబ్బతీస్తుంది, మామూలుగా ఆ లెక్క 50 కంటే తక్కువుంటే ఇవ్వడానికి వెనకాడతారు. అంటే ఆపరేషన్ ఇంకా కాకముందే, "రేపు కీమో అవసరమైతే అసలు మందు ఈ మనిషికి పనికిరాదు" అని వాళ్లకి తెలిసిపోయింది. మిగతా జబ్బులు ప్రాణం మీదికి తెచ్చేది ఒక్క గుండెపోటుతోనే అనుకుంటాం కదా, ఇలా అసలు వైద్యాన్నే చేతికందకుండా చేయడం ఇంకో దారి. మూడో దారి ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులు.

ఆపరేషన్ బాగా జరిగింది. అంగిలి ఎముకలో ఒక భాగం తీశారు, మెడలో గడ్డలు తీశారు. సర్జన్లకి నాలుగున్నర ఎందుకంటే, అంత పెద్ద పని చేసి, బయటికొచ్చి మాతో అయిదు నిమిషాలు నిలబడి అర్థమయ్యేలా చెప్పారు. అర స్టారు తగ్గించింది, వార్డులో రౌండ్స్ టైము ఏ రోజూ చెప్పినట్టు జరగలేదు. ఐసీయూలో ఒక రాత్రి ఆక్సిజన్ తగ్గింది, కఫం తీయించారు, ఫిజియో అమ్మాయి పొద్దున ఆరింటికే వచ్చి వీపు మీద తట్టి దగ్గించింది, న్యుమోనియా దాకా వెళ్లలేదు. మెడ కుట్లలో ఒకచోట చీము పట్టింది, షుగరున్నవాళ్లకి మామూలే అన్నారు గానీ సర్జన్ ముఖంలో టెన్షన్ కనిపించింది. దానికి కారణం ఉంది: ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి, ఆలస్యమైన కొద్దీ క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. పుండు మానకపోతే రేడియేషన్ మొదలుపెట్టలేరు. షుగరు వల్ల పుండు మానదు, పుండు వల్ల కరెంటు ఆలస్యం, ఆలస్యం వల్ల క్యాన్సర్ మళ్లీ రావడం, చావు సర్టిఫికెట్లో చివరికి క్యాన్సర్ అనే రాస్తారు, షుగరు పేరు ఎక్కడా ఉండదు. మాది అదృష్టం బాగుండి గడువులోపే మానింది.

పక్క బెడ్‌లో ఒకాయన ఉండేవారు, నాలుక పక్కన చిన్న క్యాన్సర్, కిందటేడు గుండెకి స్టెంటు. ఆయనకీ మా అత్తకీ తేడా చూస్తే ఒకటి అర్థమైంది. ముదిరిపోయిన క్యాన్సర్‌లో మిగతా జబ్బులు ఎలా ఉన్నా క్యాన్సరే ముందు తీసుకుపోతుంది. కత్తితో నయమయ్యే చిన్న క్యాన్సర్ ఉన్నవాళ్లకే మిగతా జబ్బుల లెక్క పెద్దది, ఎందుకంటే క్యాన్సర్ నుంచి బయటపడ్డాక బతకాల్సింది ఆ గుండెతోనే. ఆయన కుటుంబం "గుండె మనిషి కదా, నాలుక వరకు తీసేసి మెడ జోలికి వెళ్లకండి" అని బతిమాలుకుంటున్నారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2015లో ప్రచురించిన ట్రయల్‌లో, మెడలో గడ్డ పైకి కనిపించని తొలిదశ నోటి క్యాన్సర్లలో కూడా మెడ ఆపరేషన్ ముందే చేసినవాళ్లు మూడేళ్లకి 80 శాతం బతికుంటే, గడ్డ కనిపించాక చేద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతమే. ఆ తేడా వదులుకోవడం ఇష్టం లేక ఇక్కడి సర్జన్లు గుండె డాక్టరునీ మత్తు డాక్టరునీ కూర్చోబెట్టి, రక్తం పలచబరిచే రెండు మందుల్లో ఒకటి కొన్నిరోజుల ముందు ఆపి, ఆస్పిరిన్ కొనసాగిస్తూ మొత్తం ఆపరేషన్ చేశారు. "గుండె జబ్బుంది, ఏం చేస్తాం" అని వైద్యాన్ని సగానికి కోసేయడం సులువు, అలా కోయకుండా చేయడానికే మనం డబ్బులిచ్చేది.

ఇప్పుడు తిట్లు.

మా అత్తకి మెడలో తీసిన గడ్డల్లో ఒకదాంట్లో క్యాన్సర్ ఉందని, అది ఆ గడ్డ పొర దాటి బయటికి వచ్చిందని రిపోర్టు. అలా వస్తే ఒట్టి కరెంటు చాలదు, కీమో కలపాలి. సిస్‌ప్లాటిన్ కుదరదు కాబట్టి వారానికోసారి తక్కువ మోతాదులో డోసిటాక్సెల్ అన్నారు. ఇదీ టాటా మెమోరియల్ వాళ్ల పనే, 2023లో వచ్చింది: సిస్‌ప్లాటిన్ పడనివాళ్లకి రేడియేషన్‌తో పాటు ఇది ఇస్తే రెండేళ్లకి బతికున్నవాళ్లు 41.7 నుంచి 50.8 శాతానికి పెరిగారు. నిర్ణయం మంచిదే, దానికి వంక పెట్టను. కానీ డోసిటాక్సెల్‌కి ముందు ఎలర్జీ రాకుండా స్టెరాయిడ్ ఇస్తారు, స్టెరాయిడ్ షుగరుని ఎగదోస్తుంది, ఇది వైద్యం చదవని నాకు ఇప్పుడు తెలుసు, డేకేర్‌లో ఉన్నవాళ్లకి అప్పుడు తెలియదా? కింద ఫ్లోర్‌లో ఇన్సులిన్ లెక్క రాసిన కాగితం పై ఫ్లోర్ డేకేర్‌కి చేరనే లేదు. స్టెరాయిడ్ ఎక్కించి, మందు ఎక్కించి, కొబ్బరినీళ్లు తాగించమని చెప్పి పంపేశారు. ఆ రాత్రి షుగరు 400 దాటింది. ఫోన్ చేస్తే డేకేర్ సాయంత్రం అయిదుకి మూసేస్తారు, ఎమర్జెన్సీకి రమ్మన్నారు, ఎమర్జెన్సీ డ్యూటీ డాక్టరు కేస్ షీట్ లేదని అరగంట వెతికారు. ఫిజీషియన్ మేడమ్‌కి మర్నాడు ఓపీలో చెప్తే ఆవిడే డేకేర్‌కి వెళ్లి మాట్లాడారు, ఆ తర్వాత కీమో రోజుకీ మర్నాటికీ ఇన్సులిన్ వేరే లెక్క రాసి ఇచ్చారు. ఇలా ఒక డాక్టరు స్వయంగా మెట్లెక్కితే తప్ప సమాచారం పైకి వెళ్లకపోతే అది సేవ ఎలా అవుతుంది?

దీనికి సరిగ్గా వ్యతిరేకం రేడియేషన్ సగం దాటాక. మొత్తం 30 సిట్టింగులు, ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు. మూడో వారం నుంచి నోరంతా పూత, మజ్జిగ తాగినా మంట, తిండి సగానికి పడిపోయింది. తిండి తగ్గితే ఇన్సులిన్ తగ్గించాలి, బీపీ మాత్ర కూడా చూసుకోవాలి. ఎవరూ చెప్పలేదు. ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడుతుంటే చూస్తే షుగరు 52. గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించాం, తిండి కోసం ముక్కు గొట్టం వేయించుకోమంటే అప్పటిదాకా ససేమిరా అన్న మనిషి ఆ రోజు ఒప్పుకుంది. ఈ రివ్యూ చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా షుగరున్న మనిషికి నోటి దగ్గర రేడియేషన్ జరుగుతుంటే, ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని, తిండి తగ్గిన రోజే డాక్టరుకి ఫోన్ చేసి డోసు అడగండి, వారం వారం ఓపీ దాకా ఆగొద్దు. రేడియేషన్ టెక్నీషియన్లు మాత్రం మంచివాళ్లు. చుట్ట మళ్లీ ముట్టుకుందా లేదా అని రోజూ అడిగేవారు, రేడియేషన్ నడుస్తుండగా పొగ తాగితే అది సరిగ్గా పనిచేయదని ఒక పెద్దాయన అత్తకి అర్థమయ్యే మాటల్లో చెప్పారు, నేను చెప్తే విననిది ఆయన చెప్తే విన్నది.

డిశ్చార్జ్ కౌంటర్ గురించి. ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో నొప్పికి డైక్లోఫెనాక్ రాసి ఉంది, కిడ్నీకి చేటు చేసే మాత్ర. ఉద్దానం మనిషికి, కిడ్నీ లెక్క 34 అని అదే ఆసుపత్రి ఫైల్లో ఎర్రపెన్నుతో రాసి ఉన్న మనిషికి! ఫార్మసీలో మందులు తీసుకుంటుంటే అక్కడి అబ్బాయి "కిడ్నీ ప్రాబ్లం ఏమైనా ఉందా అండీ" అని అడిగాడు కాబట్టి ఆగింది. వెనక్కి తీసుకెళ్తే కౌంటర్ కుర్రాడు "సార్, ఇది ఫార్మాట్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది, అందరికీ ఇదే" అన్నాడు, పాపం నిజమే చెప్పాడు. అందరికీ ఒకే కాగితం అచ్చేసే చోట కింద ఫ్లోర్‌లో 27 రకాల జబ్బులు అడిగి ఏం లాభం? రాయించుకున్న ఫిర్యాదుకి మెయిల్‌లో జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. అంతే.

డబ్బు సంగతి పొడిపొడిగా: ఆపరేషన్, రేడియేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లాయి, ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ఉండే ఆవిడ కాగితాలు బాగా చూసుకుంది. చేతి నుంచి పెట్టుకున్నవి ముందు పరీక్షల్లో కొన్ని, రానుపోను, అంగిలి ప్లేటు.

ఇప్పుడు నెలనెలా చెకప్. నోరు, మెడ చూసి పంపేస్తారు. మెడకి రేడియేషన్ పడినవాళ్లకి థైరాయిడ్ నెమ్మదించే అవకాశం ఎక్కువ, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడాలి, ఇది మేము అడిగితేనే రాశారు. షుగరు, కిడ్నీ, ఆయాసం ఇక ఎవరు చూస్తారు అంటే "మీ లోకల్ డాక్టర్" అన్నారు. మా ఊళ్లో లోకల్ డాక్టర్ అంటే ఆర్ఎంపీ, ఆయనకి నొప్పి సూది తప్ప ఇంకోటి తెలీదు. బావ పట్టుబట్టి కిడ్నీకి పలాసలో, మిగతావాటికి ఫిట్‌నెస్ క్లినిక్ మేడమ్ దగ్గరే మూడు నెలలకోసారి అని సెట్ చేశాడు. నిజానికి ఆ క్లినిక్ ఆపరేషన్‌కి ముందు వరకే, తర్వాత చూడటం వాళ్ల పని కాదట. మేడమ్ మంచితనంతో చూస్తున్నారు. ఆవిడ ఉద్యోగం మారితే ఈ అయిదు స్టార్లు ఏమవుతాయో నాకు తెలీదు.

ప్లేటు గురించి ఒక మాట, ఎందుకంటే అడిగేవాళ్లుంటారు. అంగిలిలో తీసిన ఎముక చోట రంధ్రం మిగులుతుంది, దాన్ని మూయకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. ఆపరేషన్‌కి ముందే పళ్ల డాక్టరు అచ్చు తీసుకుని మొదటి ప్లేటు తయారుచేసి ఉంచుతారు, పుండు మానేకొద్దీ మారుస్తారు, రేడియేషన్ అయిపోయిన కొన్ని నెలలకి చివరిది. పని బాగా చేశారు, అత్త ఇప్పుడు గంజి దాటి మెత్తటి అన్నం, పప్పు దాకా వచ్చింది. షుగరున్నవాళ్లకి ప్లేటు కింద తెల్లగా ఫంగస్ పట్టేస్తుంది, రోజూ రాత్రి తీసి కడిగి నీళ్లలో వేయాలి. అత్తకి ఒక కంట్లో శుక్లం, ప్లేటు మురికి ఆవిడకి కనపడదు, అందుకని మా వదిన టార్చిలైటు వేసి చూస్తుంది. బిగుతు సరిచేయించుకోవాలంటే ఆ డాక్టరు రెండో ఫ్లోర్ చివరి గదిలో ఉంటారు, మధ్యాహ్నం రెండు దాటాకే వెళ్లండి, పొద్దుటిపూట ఆయన థియేటర్‌లో ఉంటారు, కింద టోకెన్ కౌంటర్ వాళ్లు మాత్రం తొమ్మిదింటికే రమ్మని చెప్తారు.